కారణం అనే గడి

తో-అషూ కనుమ దిగాక, సూసమిర్ మైదానం మొదట్లో
కంచె కట్టిన దొడ్డి ఒకటి ఉంది చూశారా, అది నాదే.
విరిగిన కార్లని లాక్కొచ్చి అందులో పెడతాను.
పద్దెనిమిదేళ్లుగా ఇదే బతుకు.
పేరు తొక్తోసున్.

ఇన్‌స్పెక్టర్ మెదెర్ వస్తాడు, అట్టకి క్లిప్పు పెట్టిన కాగితంతో.
'కారణం' అన్నచోట రెండు వేళ్లు పట్టే గడి.
'అతివేగం' అందులో సరిగ్గా పడుతుంది.
'నిర్లక్ష్యం' కూడా, వత్తులు కాస్త ఇరికిస్తే.
అంతకంటే పొడుగ్గా ఏం జరిగినా
అతని కలానికి అది జరగనట్టే.

అతను వెళ్లాక నేను తలుపులు తీస్తాను.

బ్రేకు కింద దొర్లి ఇరుక్కున్న ఉడికిన గుడ్డు.
సగమే ఒలిచింది.
మిగతా సగం పెంకు ఎవరి గోళ్లలో ఉందో.

ఇంకో కారులో, చిట్లిన ఫోను మీద
'వచ్చేస్తున్నా, అన్నం పె'
ఆ తరవాతి అక్షరాల కోసం రోడ్డంతా చూశాను,
గాజుముక్కలే దొరికాయి.

ఒకదాని టైర్లు నా బట్టతల కంటే నున్నగా ఉన్నాయి.
డిక్కీలో కొత్తవి నాలుగు, కాగితం కూడా విప్పలేదు.
ఓష్ చేరాక మార్పిద్దామనుకున్నాడట.
మధ్యలో వాన పడింది.

జలాలాబాద్ నుంచి పుచ్చకాయలు తెచ్చే కుర్రాడిది
మూడో రాత్రి.
తారు మీద గీత లేదు, గీరు లేదు.
మెలకువగా ఉన్నవాడే కదా గీత గీసేది.
తెల్లారేసరికి ఎర్రటి ముక్కల చుట్టూ కాకులు,
నేను ముందు వేరే ఏదో అనుకున్నాను.

సరే, ఎర్మెక్ సంగతి చెప్పాలి.

జపాన్ నుంచి చవగ్గా వచ్చే కార్లకి స్టీరింగు కుడివైపు.
మా బళ్లు నడిచేదీ కుడివైపే.
ముందు లారీ ఉంటే డ్రైవరుకి దాని వీపే లోకం.
ఎడమ సీట్లో కూర్చున్నవాళ్లే
తొంగి చూసి చెప్పాలి.
ఈ దారిలో సగం కాపురాలు ఆ నమ్మకం మీదే నడుస్తాయి.

'ఖాళీయేనా?' అన్నాడట ఎర్మెక్.
అదే క్షణంలో వెనక సీట్లోంచి
'అమ్మా, గుర్రాలు!' అన్నాడు కొడుకు.
బురుల్ 'ఊ' అంది.

ఆ 'ఊ' పిల్లాడిది.
తండ్రి తీసుకున్నాడు.

మెదెర్ గడిలో 'తప్పుగా ఓవర్‌టేక్' అని రాశాడు.
అబద్ధమేం కాదు.

మరి నా గురించి?
మొన్న శరత్కాలంలో, చీకటి పడే వేళ,
ఖాళీ కొక్కెంతో ఇంటికొస్తూ
ఎంతసేపు కళ్లు మూశానో నాకు తెలీదు.
తెరిచేసరికి
రోడ్డంచున ఒక గుర్రప్పిల్ల,
ముందుకాలు ఎత్తి, దించాలా వద్దా అని ఆలోచిస్తోంది.
దాటుకుని వచ్చేశాను.
చారు తాగాను, పడుకున్నాను.
ఆ గుడ్డు, ఆ ఫోను, ఆ టైర్లు, ఆ కునుకు
రోజూ ఈ దారంట వెయ్యిసార్లు క్షేమంగా ఇల్లు చేరుతూనే ఉంటాయి.
ఎదురుగా ఎవరూ లేకపోవడాన్ని
మనం డ్రైవింగు వచ్చు అనుకుంటాం.

ఏటా గడ్డి కోతలయ్యాక బురుల్ వస్తుంది.
కొడుకు ఇప్పుడు నా భుజం దాటాడు, కంచె లోపలికి రాడు.
తుప్పు పట్టిన తలుపు నేను లాగి తీస్తే
ఆవిడ ఆ ఎడమ సీట్లోనే కూర్చుంటుంది.
అద్దం లేని చట్రంలోంచి
చాలాసేపు చూస్తుంది.
'ఇక్కణ్ణుంచి అంతా కనిపిస్తుంది కదన్నా' అంటుంది.

పక్కన నిలబడి
చేతుల నూనె తుడుచుకుంటూ ఉంటాను.
ఊ కొట్టను.